తప్పు ఇంజిన్‌దా, అతుకుదా?

ఇంజిన్ మార్చిన బండి వేడి మీద ఒకలా, చల్లారాక ఇంకోలా నడుచుకుంటే ఎవరిని పట్టుకోవాలి? బిగించిన మేస్త్రీనా, వైరింగ్ కలిపినవాణ్నా, ఇంజిన్ అమ్మిన స్క్రాపు కొట్టువాణ్నా? విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఏదో ఒక షెడ్డులో ఈ తగువు నడుస్తూనే ఉంటుంది. ఇక్కడ వాదించుకునే ఇద్దరూ కల్పితాలు. ఒకాయన కార్బురేటర్ల కాలం నుంచి ఇంజిన్లు విప్పి బిగిస్తున్న మేస్త్రీ. రెండోవాడు మల్టీమీటర్ చేతిలో లేనిదే బానెట్ ఎత్తని వైరింగ్ కుర్రాడు.

వాళ్ల మధ్య నిలబడ్డది 1990ల చివరి కార్బురేటర్ జిప్సీ. దాని పాత ఇంజిన్ దించేసి, 2000 నుంచి వచ్చిన జిప్సీలోని 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ ఇంజిన్ ఎక్కించారు. రెండూ మారుతీవే, రెండూ 1300 సీసీవే. చూడ్డానికి అన్నీ కలుస్తాయి. అందుకే ఈ మార్పిడి చాలా తేలికని అందరూ అనుకుంటారు, సగం పని అక్కడే చెడుతుంది. బండికి పట్టుకున్న జబ్బు ఇదీ: రాత్రంతా నిలబెడితే పొద్దున సెల్ఫ్ కొట్టగా కొట్టగా అందుకుంటుంది, అందుకున్నట్టే అందుకుని ఆగిపోతుంది. చివరికి ఎలాగో నిలబడి కాసేపు కుంటుతుంది. ఒక్కసారి వేడెక్కిందా, సాయంత్రం దాకా హాఫ్ సెల్ఫ్ చాలు.

మేస్త్రీ: ఈ ఇంజిన్ మిలిటరీ వేలంలో పోయిన బండిది. ఏ కొండల్లో ఎన్ని వేల కిలోమీటర్లు ఈడ్చిందో ఎవడికి తెలుసు? రింగులు అరిగిన ఇంజిన్ చల్లారితే ఇలాగే మొండికేస్తుంది. హెడ్ దించితే తేలిపోతుంది.

కుర్రాడు: హెడ్ దించితే గ్యాస్కెట్ ఖర్చు, మెషినింగ్ ఖర్చు, ఓనరు తిట్లు అదనం. అసలు కంప్రెషన్ గేజి పెట్టావా బాబాయ్?

మేస్త్రీ: పెట్టకుండా మాట్లాడతానట్రా? నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి కొట్టించాను. వేడి మీద నాలుగింట్లోనూ 170 పీఎస్ఐ దాటింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొంచెం తగ్గింది.

కుర్రాడు: ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఎంత?

మేస్త్రీ: ఐదో పదో.

కుర్రాడు: అయితే నీ గేజే నీకు ఎదురు సాక్ష్యం చెబుతోంది. రింగులు పోయిన ఇంజిన్ నాలుగు సిలిండర్లలోనూ ఇంత సమానంగా చూపించదు. ఇంతకీ పొద్దున ప్లగ్గులు తీసినప్పుడు తడిగా ఉన్నాయా, పొడిగా ఉన్నాయా?

మేస్త్రీ: పొడిగా ఉన్నాయి. పెట్రోలు వాసన కూడా లేదు.

కుర్రాడు: అంత సేపు సెల్ఫ్ కొట్టినా ప్లగ్గు తడవలేదంటే పెట్రోలు చాలడం లేదనేగా. మంట లేక కాదు, మండటానికి లేక.

మేస్త్రీ: ఆ మాట నేనూ ఒప్పుకుంటా. స్పార్కు చూశాను, నీలంగా గట్టిగానే పడుతోంది. కార్బురేటర్ బండి అయితే ఈపాటికి చోక్ కేబుల్ సర్ది పంపేసేవాణ్ని. కానీ నాకు అర్థం కానిది ఒకటుంది. చోక్ అనేది ఊటీలో, సిమ్లాలో కావాలి. మన బెజవాడలో చలేంటిరా? జనవరి తెల్లవారుజామున కూడా ఒక పల్చటి దుప్పటి చాలు.

కుర్రాడు: నీకు దుప్పటి చాలు బాబాయ్, ఇంజిన్‌కి చాలదు. ఇంజిన్ పనిచేసే వేడి 85, 90 డిగ్రీల మధ్య. జనవరిలో మన దగ్గర తెల్లవారేసరికి 18, 20 ఉంటుంది. అంటే 70 డిగ్రీల తేడా. రోహిణి కార్తెలో కూడా తెల్లారేసరికి ఆ ఇనుము 30 దగ్గరే ఉంటుంది. జనవరిలో లంబసింగిలో ఆపితే ఇంకో పది పదిహేను డిగ్రీలు పడిపోతుంది గానీ, లెక్క మాత్రం ఒకటే.

మేస్త్రీ: లెక్క నాకు చెప్పకు. పెట్రోలు మండదు, పెట్రోలు ఆవిరి మండుతుంది. చల్లటి మానిఫోల్డు గోడకి తగిలిన పెట్రోలు అక్కడే అంటుకుపోతుంది, లోపలికి వెళ్లిందే ఆవిరవుతుంది. అందుకే చోక్ లాగి గాలి మూసి పెట్రోలు ఎక్కువ పీల్పిస్తాం. పది పోస్తే అందులో మూడు ఆవిరవుతాయి, ఆ మూడూ చాలు. ఇంజిన్ వేడెక్కాక చోక్ లోపలికి తోసేస్తాం.

ఇంత కుదురుగా ఈ సంగతి చెప్పిన పాఠ్యపుస్తకం నేను చూడలేదు. మేస్త్రీల దగ్గర సిద్ధాంతం ఉండదని అనుకునేవాళ్లు ఒక పూట షెడ్డులో కూర్చోవాలి.

కుర్రాడు: సరిగ్గా చెప్పావు. ఇప్పుడు ఈ ఇంజిన్‌కి చోక్ లేదు. గాలి మూసేది లేదు. ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉండాలో ఈసీఎం, అంటే ఇంజిన్ కంప్యూటర్, చెబుతుంది. చల్లగా ఉంటే ఎక్కువసేపు, వేడిగా ఉంటే తక్కువసేపు. మరి ఇంజిన్ చల్లగా ఉందో వేడిగా ఉందో ఈసీఎంకి ఎవరు చెప్పాలి?

మేస్త్రీ: సెన్సర్ ఉందిగా, తెర్మోస్టాట్ హౌసింగ్ మీద.

కుర్రాడు: ఒకటి కాదు బాబాయ్, రెండుంటాయి. ఒకటి డాష్‌బోర్డులో ముల్లు తిప్పేది. దానికి ఒకే తీగ, ఎర్తు దాని ఒంటిగుండానే. రెండోది ఈసీఎం కోసం. దానికి రెండు తీగలు: ఒకటి సిగ్నల్, ఒకటి సెన్సర్ ఎర్తు. మనం ముల్లు చూసి సంతోషిస్తాం. ఈసీఎం ఆ ముల్లు చూడదు.

మేస్త్రీ: నువ్వు తిన్నగా ఆ సెన్సర్ మీదికే వస్తావని తెలుసు. మీ వైరింగోళ్లకి కాలు నొప్పి పుట్టినా సెన్సరే కారణం. ముందు బ్యాటరీ చూడు, ఎర్తు చూడు. ఈ బండికి ఛాసిస్ అంతా కొత్తగా పెయింట్ కొట్టారు. మౌంట్లు రబ్బరువి. ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య కరెంటు తిరిగి రావడానికి దారేది? ఎర్తు పట్టీ సరిగా లేక, సెల్ఫ్ కొట్టినప్పుడల్లా యాక్సిలరేటర్ కేబుల్ గుండా కరెంటు పోయి, కేబుల్ కాలి పొగలు లేచిన బండ్లు నా చేతుల మీదుగా పోయాయి.

కుర్రాడు: ఇది మాత్రం నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా. మీటర్ ఒక కాలు ఇంజిన్ బ్లాకు మీద, ఇంకో కాలు బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టి నువ్వు సెల్ఫ్ కొట్టు. అర వోల్టు దాటితే పట్టీ మార్చాల్సిందే.

మేస్త్రీ: చూశావుగా, ముప్పాతిక వోల్టు చూపిస్తోంది.

కుర్రాడు: పెయింట్ గీకి, కొత్త పట్టీ వేశాం. ఇప్పుడు 0.2. సెల్ఫ్ తిరిగేటప్పుడు ఈసీఎం దగ్గర 10 వోల్టులు దాటి అందుతున్నాయి. ఇంతకుముందు 9 కూడా అందేవి కాదు. వోల్టేజి పడితే ఇంజెక్టర్ మెల్లగా తెరుచుకుంటుంది, ఉన్న ఆ కాస్త పెట్రోలూ తగ్గుతుంది. నీ దెబ్బ తగిలింది బాబాయ్. కానీ జబ్బు పోయిందా?

మేస్త్రీ: సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోంది. అందుకుని ఆగిపోవడం మాత్రం అలాగే ఉంది.

కుర్రాడు: ఒక్క సంగతి చెప్పు. సెల్ఫ్ తిరుగుతుండగానే అందుకుంటోందా, తాళం వదిలిన క్షణంలో అందుకుంటోందా?

మేస్త్రీ: తిరుగుతుండగానే. ఎందుకు?

కుర్రాడు: తాళం వదిలినప్పుడే అందుకుంటే ఈసీఎం తీగని తప్పు చోట కలిపారని అర్థం. తాళంలో రేడియోకి కరెంటిచ్చే పాయింటు ఉంటుంది చూడు, సెల్ఫ్ కొట్టేటప్పుడు అది చచ్చిపోతుంది. మార్పిడి బండ్లలో చాలామంది ఈసీఎంని దానికి తగిలిస్తారు. సెల్ఫ్ తిరిగినంతసేపూ ఈసీఎం నిద్రపోతుంది, తాళం వెనక్కి వచ్చేటప్పుడు లేస్తుంది. మనది ఆ కేసు కాదు, ఆ అనుమానం కొట్టెయ్.

మేస్త్రీ: అయితే పెట్రోలు లైను. ఇక్కడ నా మాట విను. పాత జిప్సీకి పంపు ఇంజిన్ మీదే ఉండేది. ఇంజిన్ తిరిగితే పంపు కొట్టుకునేది, కార్బురేటర్ గిన్నె నిండేది. రాత్రి గిన్నెలో పెట్రోలు ఉంటుంది, పొద్దున దాంతో అందుకుంటుంది. ఈ ఇంజిన్‌కి గిన్నె లేదు. పంపు కూడా ట్యాంకులో ఉండాల్సింది, వీళ్లు బాడీ కింద బయట పంపు ఒకటి కట్టారు. రాత్రంతా లైనులో పెట్రోలు వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది. పొద్దున అంతా ఖాళీ గొట్టం.

కుర్రాడు: ఎలా తెలిసింది?

మేస్త్రీ: పొద్దున తాళం ఆన్ చేసి వెంటనే కొట్టకుండా కాసేపు పంపుని తిరగనిచ్చాను. ముందు గురగుర మని ఖాళీ చప్పుడు, తర్వాత గొంతు మారి నిండు చప్పుడు. అప్పుడు కొట్టాను. మొదటి దెబ్బకే అందుకుంది.

కుర్రాడు: అందుకుని నిలబడిందా?

మేస్త్రీ: నిలబడలేదు. ఆగిపోయింది.

కుర్రాడు: అదీ! బాబాయ్, ఈ బండికి రెండు జబ్బులున్నాయి. ఆలస్యంగా అందుకోవడం ఒకటి, అందుకుని ఆగిపోవడం ఇంకొకటి. నువ్వు మొదటిదాన్ని పట్టుకున్నావు. ప్రెషర్ గేజి తగిలించి చూద్దాం. పంపు తిరుగుతుంటే దాదాపు 3 బార్ ఉండాలి, ఆపాక ఒక నిమిషానికి కూడా 2 బార్ మీద నిలవాలి.

మేస్త్రీ: పంపు ఆపగానే ముల్లు జారి సున్నాకి పోయింది. చెక్ వాల్వ్ లేని పంపు. నేను చెప్పలే?

కుర్రాడు: రెగ్యులేటర్ కారుతున్నా, ఇంజెక్టర్ కారుతున్నా ముల్లు ఇలాగే పడుతుంది. కానీ ఇంజెక్టర్ కారితే ప్లగ్గులు తడిగా, వాసనగా ఉండేవి. రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం లాగి చూశాను, అందులో పెట్రోలు చుక్క లేదు. కాబట్టి పంపే. చెక్ వాల్వ్ ఉన్న పంపు ట్యాంకులో వేయిద్దాం. పెట్రోల్లో మునిగి ఉన్న పంపు చల్లగా కూడా ఉంటుంది.

ఇక్కడిదాకా మేస్త్రీదే పైచేయి. ఎర్తు ఆయన చెప్పిందే, పంపు ఆయన విన్నదే. మీటర్ ఉన్నవాడికి చెవులు అక్కర్లేదనుకుంటే పొరపాటు. ఇక రెండో జబ్బు దగ్గర గొడవ ముదిరింది.

మేస్త్రీ: ఆగిపోవడానికి మందు నా దగ్గరుంది. థ్రాటిల్ దగ్గర స్క్రూ రెండు చుట్లు బిగిస్తే స్లో లేస్తుంది, బండి ఆగదు.

కుర్రాడు: దాని జోలికి పోవద్దు బాబాయ్, దణ్ణం పెడతా. కార్బురేటర్‌లో ఆ స్క్రూ నీది. ఇక్కడ ఆ స్క్రూ తిప్పితే థ్రాటిల్ మూసుకుందన్న సంగతి ఈసీఎంకి తెలియకుండా పోతుంది. స్లోని తన లెక్కలో పట్టుకోవడం మానేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు స్లో లేపడానికి వేరే గాలి వాల్వ్ ఉంది. అందులో మసి పేరుకుంటే కడగాలి, కడిగేశాను కూడా. స్క్రూ మీద ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన పెయింట్ గుర్తు కదిలించొద్దు.

మేస్త్రీ: మరి పెట్రోలు సంగతి? ఇప్పుడు బంకుల్లో పోసేది సగం చెరకు సారా. పాత ఇంజిన్లన్నీ దాంతోనే చస్తున్నాయి.

కుర్రాడు: సగం కాదు, 20 శాతం. నీ మాటలో నిజం లేకపోలేదు. మామూలు పెట్రోలు కిలోకి 14.7 కిలోల గాలి కావాలి. ఎథనాల్ కిలోకి 9 చాలు. 20 శాతం కలిపితే లెక్క 13.5 దగ్గరికి వస్తుంది. అంటే పాత లెక్కతో ఇంజెక్టర్ తెరిస్తే మిశ్రమం ఎనిమిది శాతం దాకా పల్చబడుతుంది. వేడెక్కాక సైలెన్సర్ పైపులో ఆక్సిజన్ సెన్సర్ అది పసిగట్టి సరిచేయిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ సెన్సర్ పనిచేయదు. మొదటి కొన్ని నిమిషాలు ఈసీఎం గుడ్డిగా టెంపరేచర్ సెన్సర్ మాటే నమ్మి నడుపుతుంది. దానికితోడు ఎథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కంటే రెట్టింపు పైగా వేడి లాక్కుంటుంది. కాబట్టి పొద్దుటి పూట కొంచెం బద్ధకం రావచ్చు. కానీ ఎనిమిది శాతానికి బండి ఇలా పడి చావదు.

మేస్త్రీ: అయితే చివరికి నీ సెన్సర్ దగ్గరికే తీసుకొచ్చావన్నమాట.

కుర్రాడు: ఇటు రా, టార్చి పట్టు. తెర్మోస్టాట్ హౌసింగ్ చూడు. ముల్లు సెన్సర్ ఇది, ఒక తీగ. దీని పక్కన ఈసీఎం సెన్సర్ ఉండాలి. ఏముంది?

మేస్త్రీ: ఉందిగా, ఇత్తడి సెన్సర్.

కుర్రాడు: దీనికి పిన్నులు ఎన్ని?

మేస్త్రీ: ఒకటే.

కుర్రాడు: మరి హార్నెస్‌లోంచి వచ్చిన రెండు తీగల్లో రెండోది ఎక్కడ?

మేస్త్రీ టార్చి దగ్గరగా పెట్టి చూశాడు. రెండు తీగల కప్లర్ కోసేసి ఉంది. ఒక తీగ కొస దీని పిన్నుకి చుట్టి ఉంది. రెండో తీగకి నల్ల టేపు చుట్టి, హోస్ క్లిప్పు వెనక దాచి వదిలేశారు. ఇంజిన్ దించేటప్పుడు అసలు సెన్సర్ విరిగి ఉంటుంది. కొట్టువాడు మరలు కలిసిన ముల్లు సెన్సర్ ఒకటి చేతిలో పెట్టి ఉంటాడు, బిగించినవాడు బిగించేశాడు.

కుర్రాడు: ఇప్పుడు మీటర్ ఓమ్స్‌లో పెడుతున్నా. ఈసీఎం సెన్సర్ 20 డిగ్రీల దగ్గర రెండున్నర వేల ఓమ్‌లు చూపాలి. వేడెక్కేకొద్దీ తగ్గుతూ 80 డిగ్రీలకి 300 దగ్గరికి వస్తుంది. ఇది రాత్రంతా చల్లారిన ఇంజిన్. ఎంత చూపిస్తోంది?

మేస్త్రీ: నాలుగు వందలు.

కుర్రాడు: ముల్లు సెన్సర్ల లెక్కే వేరు, వాటికి ఓమ్‌లు మొదటి నుంచీ తక్కువ. కానీ ఈసీఎంకి నాలుగు వందలంటే ఇంజిన్ 70 డిగ్రీలు దాటి ఉందని అర్థం. చలికి వణుకుతున్నవాడి నోట్లో పాడైన థర్మామీటర్ పెట్టి, జ్వరం ఉందని దుప్పటి లాగేసినట్టుంది. వేడి ఇంజిన్‌కి ఇవ్వాల్సిన పెట్రోలే ఇస్తోంది, అదీ పొదుపుగా. అందుకే ప్లగ్గులు పొడి.

మేస్త్రీ: ఒరేయ్, అలా అయితే వేడి మీద కూడా తేడా చేయాలిగా? అప్పుడు ఇంకా తక్కువ ఓమ్‌లు చూపిస్తుంది, ఈసీఎం ఇంజిన్ మరిగిపోతోందనుకోవాలి. వేడి మీద బండి వెన్నలా ఎందుకు తిరుగుతోంది?

ఈ ప్రశ్న వేయగలిగినవాడే మేస్త్రీ. కుర్రాడు కూడా ఒక క్షణం ఆగాడు.

కుర్రాడు: మంచి మాట అడిగావు. వేడి మీద అది చూపేది నమ్మశక్యం కానంత తక్కువ. అంత వేడి ఇంజిన్‌లో ఉండదని ఈసీఎంకి తెలుసు. అప్పుడు ఆ సెన్సర్‌ని పక్కనపెట్టి, ఇంజిన్ మామూలు వేడి మీద ఉందని తనే అనుకుని నడుపుతుంది. ఇంజిన్ నిజంగానే ఆ వేడిలో ఉంది కాబట్టి సరిపోతోంది. చల్లగా ఉన్నప్పుడు చెప్పే నాలుగు వందలు నమ్మదగ్గ అబద్ధం, అందుకే అది చెల్లుబాటైంది.

మేస్త్రీ: ఈసీఎం సెన్సర్‌ని పక్కనపెడితే డాష్‌బోర్డులో ఇంజిన్ లైటు వెలగాలిగా?

కుర్రాడు: కార్బురేటర్ జిప్సీ డాష్‌బోర్డులో ఆ లైటుకి చోటే లేదు. మార్చినవాళ్లు ఆ తీగ కూడా టేపు చుట్టి వదిలేశారు. ఈ కాలం ఈసీఎంలకి ఇప్పటి స్కానర్లు ఎక్కవు. ఆ లైటు ఎన్నిసార్లు మినుకుతుందో లెక్కపెట్టి కోడ్ చదవాలి. ఆ నోరే నొక్కేశారు. ఒక చిన్న బల్బు, ఒక తీగ: ఇంజిన్ మార్చిన రోజే వేసి ఉంటే ఈ రభస ఉండేది కాదు.

మేస్త్రీ: సరే, రుజువు చూపించు. సెన్సర్ కొని వేశాక పోకపోతే డబ్బులు ఎవడివి?

కుర్రాడు: కొనక్కర్లేదు. రేడియో రిపేరు కొట్టులో 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ దొరుకుతుంది, రెండు మూడు రూపాయలు. కప్లర్‌లోంచి వచ్చిన ఆ రెండు తీగల మధ్య దాన్ని పెడతా. ఈసీఎం ఇంజిన్ పాతిక డిగ్రీల దగ్గర ఉందనుకుంటుంది. పొద్దున కొట్టి చూడు.

మర్నాడు పొద్దున కొట్టారు. అందుకుంది, స్లో కొంచెం పైకి లేచి నిలబడింది, ఆగలేదు.

మేస్త్రీ: ఒరేయ్ అబ్బాయ్! దీనికో స్విచ్ పెట్టి డాష్‌బోర్డులోకి లాగితే చోకే కదరా! పొద్దున నొక్కు, వేడెక్కాక తీసెయ్. సెన్సర్ కూడా ఎందుకు?

కుర్రాడు: ఇదుగో, ఇందుకే మార్పిడి బండ్లకి చెడ్డపేరు. చోక్ లాగి మర్చిపోతే ఇంజిన్ నల్లపొగ కక్కి తిడుతుంది, నీకు గుర్తొస్తుంది. ఈ స్విచ్ మర్చిపోతే అంత పొగ రాదు. హైదరాబాదు దాకా పెట్రోలు ఎక్కువ తాగుతూ పోతుంది, సిలిండర్ గోడల మీద ఆయిల్ కడిగేస్తుంది, సైలెన్సర్లో కన్వర్టర్ ఉంటే దాన్ని కాల్చేస్తుంది. రెసిస్టర్ జబ్బు కనుక్కోవడానికి, మందుగా వాడటానికి కాదు.

మేస్త్రీ: సరే, అసలు సెన్సర్ వేద్దాం. రెండు పిన్నులది, కప్లర్‌తో సహా. నేనే తెప్పిస్తా.

కుర్రాడు: అది బిగించేటప్పుడు నీళ్లు ఎలాగూ దించాలి. అప్పుడే హౌసింగ్ విప్పి తెర్మోస్టాట్ వాల్వ్ వేసెయ్ బాబాయ్. నువ్వు తీసిపారేశావని నాకు తెలుసు.

ఇద్దరూ కలిసి పంచాయితీ ముగించేస్తారనుకున్నచోటే అసలు జగడం మొదలైంది. మన ప్రాంతంలో ఏ వయసు మేస్త్రీని కదిపినా ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గడు.

మేస్త్రీ: తీశాను, తీస్తాను. మే నెలలో హైవే మీద ఇంజిన్ మరిగి హెడ్ వంగితే ఓనరు నన్ను పట్టుకుంటాడు, నిన్ను కాదు. ఆ వాల్వ్ పట్టేసిందంటే నీళ్లు తిరగవు. మన ఎండలకి దాంతో పనేంటి? చలి దేశాలవాళ్లు పెట్టుకున్నారు.

కుర్రాడు: చలి దేశంలో తయారైందని కాదు అది పెట్టింది. ఇంజిన్ తొందరగా 80 దాటాలని పెట్టింది. అప్పటిదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వదు. నువ్వు తీసేస్తే మొదటి నిమిషం నుంచే నీళ్లు రేడియేటర్‌లో చల్లబడుతూ ఉంటాయి. శీతాకాలం హైవే మీద ఈ ఇంజిన్ ఎప్పటికీ 70 దాటదు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని మన కొత్త సెన్సర్ నిజమే చెబుతుంది, ఈసీఎం పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. అప్పుడు మైలేజి పడిపోయిందని ఓనరు మళ్లీ వస్తాడు.

మేస్త్రీ: మైలేజి పడితే ఇంటికెళ్లొచ్చు, హెడ్ వంగితే వెళ్లలేడు.

కుర్రాడు: వాల్వ్ పట్టేస్తుందన్న భయంతో వాల్వే తీసేయడం ఎందుకు? గిన్నెలో నీళ్లు మరిగించి, వేలాడదీసి, తెరుచుకుంటోందో లేదో చూసి కొత్తది వెయ్. దానికితోడు, వాల్వ్ లేకపోతే నీళ్లు బైపాస్ దారిలో కూడా తిరిగి, అసలు వేసవిలోనే కొన్ని ఇంజిన్లు ఎక్కువ వేడెక్కుతాయి. పాత రేడియేటర్ బూజు పట్టి ఉంటే తప్పు దానిది.

మేస్త్రీ: రేడియేటర్ మార్పిస్తే, అప్పుడు వేస్తా. ముందు కాదు.

రేడియేటర్ విషయంలో మాత్రం మేస్త్రీదే న్యాయమని నాకనిపిస్తుంది. 60 పైచిలుకు హార్స్‌పవర్ ఇంజిన్ కోసం పెట్టిన పాత రేడియేటర్, ఇన్నేళ్ల తర్వాత 80 హార్స్‌పవర్ ఇంజిన్‌ని మే నెలలో మోయాలంటే అది శుభ్రంగా ఉండి తీరాలి. తెర్మోస్టాట్ తీసేయడం మాత్రం తప్పే. ఈ వాదన ఇద్దరూ ఇంకో గంట సాగదీశారు. అది ఇక్కడ అవసరం లేదు.

మేస్త్రీ: ఇంకో మాట. ఈ ఓనరు పొద్దున్నే యాక్సిలరేటర్ నాలుగుసార్లు తొక్కి తొక్కి కొడతాడు, కార్బురేటర్ అలవాటు.

కుర్రాడు: తొక్కినా ఏం రాదు, ఇక్కడ పెడల్‌తో పెట్రోలు చిమ్మే పంపు లేదు. కాలు తీసి కొట్టమను. ఎప్పుడైనా పెట్రోలు ముంచేసి వాసన కొడితే మాత్రం, పెడల్ పూర్తిగా నేలకి తొక్కిపెట్టి కొట్టమను. చాలా ఎంపీఎఫ్ఐ బండ్లలో అలా తొక్కితే ఈసీఎం ఇంజెక్టర్లు ఆపేస్తుంది, లోపలిది ఆరిపోతుంది.

మేస్త్రీ: ఆయిల్ కూడా 20డబ్ల్యు 50 పోశారు. చల్లగా ఉంటే తారులా ఉంటుంది. మారుస్తా.

కుర్రాడు: మార్చు. ఇక నాది ఒక్కటే మిగిలింది, ఇది తేలకుండా బండి గేటు దాటదు. నువ్వు తాళం ఆన్ చేసి పంపు చప్పుడు విన్నానన్నావు. అది ఎంతసేపు తిరిగింది?

మేస్త్రీ: తాళం తీసేదాకా తిరుగుతూనే ఉంది.

కుర్రాడు: ఉండకూడదు. తాళం ఆన్ చేయగానే పంపు రెండు మూడు సెకన్లు తిరిగి ఆగాలి. ఇంజిన్ తిరిగితేనే మళ్లీ తిరగాలి. అలా తిప్పేది ఈసీఎం, రిలే ద్వారా. వీళ్లు పంపుని తిన్నగా తాళానికి కట్టేశారు. రేపు ఈ బండి ఏ లారీనో గుద్ది పెట్రోలు గొట్టం తెగిందనుకో. ఇంజిన్ ఆగుతుంది, తాళం ఆన్‌లోనే ఉంటుంది, పంపు మూడు బార్‌తో వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది.

మేస్త్రీ: రిలే వెయ్. ఖర్చు నా ఖాతాలో రాయి. అది నేను చూడాల్సింది.

కుర్రాడు: ఓనరుకి ఆర్సీ సంగతి కూడా చెప్పు. ఇంజిన్ నంబరు మారింది, పుస్తకంలో పాతదే ఉంది.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిలో చేసే మార్పులకి హద్దులున్నాయి. ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉండే వివరం కాబట్టి, మార్చినవాళ్లు రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి ఎక్కించుకోవాలి. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు సర్వేయర్ ముందు చూసేది ఆ నంబరే.

ఇంజిన్ మార్పించిన బండి మీ ఇంట్లో ఉంటే రేపు పొద్దున ఒక పని చేయండి. తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా, పంపు చప్పుడు వినండి. రెండు మూడు సెకన్లలో ఆగకపోతే స్టార్టింగ్ ట్రబుల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ రిలే వేయించండి.